కాపీ లేత్ మీద తీసిన భరిణెకు ‘ఏటికొప్పాక’ పేరు పెట్టవచ్చా?

సాగరతీరం:
అందరికీ నమస్కారం. విశాఖలో హస్తకళల వస్తువులు ఆర్డర్ మీద తెప్పించి ఇచ్చే చిన్న వ్యాపారం నాది. ఆరేళ్లుగా ఎక్కువగా అమ్మేది అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క బొమ్మలే. ఈ దసరాకు తమ ఉద్యోగులకు ఇవ్వడానికి ఒక సంస్థ మూడు వేల కుంకుమ భరిణెలు అడిగింది. గడువు 45 రోజులు. నాకు ఎప్పుడూ పనిచేసి పెట్టే నాలుగు కుటుంబాలు రాత్రీ పగలూ కూర్చున్నా ఆ గడువులో సగమే అవుతాయి.

ఇక్కడ విశాఖలో మంచాల కోళ్లు, మెట్ల కటకటాలు తీసే ఒక వర్క్‌షాపు ఉంది. లేత్ అంటే కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో ఆకారం తీసే యంత్రం. వాళ్ల దగ్గర కాపీ లేత్ ఉంది. ఒక నమూనా బిగిస్తే, దాని అంచు వెంబడి కత్తి తనంతట తానే కదులుతూ అదే ఆకారం ఎన్నయినా తీస్తుంది. భరిణెల అడుగులు, మూతలు పది రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. వాటిని ఏటికొప్పాక పట్టుకెళ్లి మనవాళ్ల చేత లక్క పెట్టించాలన్నది నా ఆలోచన.

ఇప్పుడు నా టేబుల్ మీద రెండు భరిణెలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి ఏటికొప్పాకలో చేసింది, ఇంకొకటి వర్క్‌షాపు వాళ్లు నమూనాగా ఇచ్చింది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం రెండోది బరువుగా ఉంది. మూత పెడితే మొదటిది ‘టప్’ అని కూర్చుంటుంది, రెండోది ఊరికే జారిపోతుంది.

దీన్ని ‘ఏటికొప్పాక భరిణె’ అని అమ్మవచ్చా? నాకు డబ్బు అవసరమే, దాచుకునేదేమీ లేదు. కానీ ఆరేళ్లు ఆ పేరు మీదే అన్నం తిన్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

గేర్‌బాక్స్:
పెట్టవచ్చు. ఎందుకు పెట్టకూడదో నాకు అర్థం కావడం లేదు. నేను మెకానికల్ ఇంజనీర్‌ని, ఇరవై ఏళ్లుగా మెషీన్ల మధ్యే ఉన్నాను.

ఒకప్పుడు ఏటికొప్పాకలో లేత్‌ను చేత్తోనే తిప్పేవారు. ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. ఆ రోజు కూడా ‘ఇక ఇది చేతిపని కాదు’ అన్నవాళ్లు ఉండే ఉంటారు. ఇప్పుడు మోటారు లేత్ మీద తీసిన బొమ్మను అందరూ సంతోషంగా హస్తకళ అనే అంటున్నారు. మోటారు దాకా ఒప్పుకుని కాపీ లేత్ దగ్గర గీత గీయడానికి కారణం చెప్పండి. పైగా రంగు, లక్క, మెరుగు అన్నీ ఊళ్లోనే జరుగుతున్నాయి. ఆ బొమ్మకు అందం వచ్చేదే లక్కతో.

ఇంకో సంగతి. మూడు వేలు అడిగితే ఇవ్వలేమని చెప్పేస్తే, ఆ సంస్థ వచ్చే ఏడాది ప్లాస్టిక్ డబ్బాలకు వెళ్లిపోతుంది. అప్పుడు నష్టపోయేది ఎవరు?

జాఫ్రాగింజ:
గేర్‌బాక్స్ గారూ, మోటారు గురించి మీరు చెప్పింది నిజమే. కానీ మోటారు వచ్చినప్పుడు పోయింది తాడు లాగే చెయ్యి. ఉలి పట్టే చెయ్యి అక్కడే ఉంది. కాపీ లేత్ తీసేసేది ఆ రెండో చేతిని. ఆ రెండింటికీ తేడా అదే.

నేను కొన్నాళ్లు ఏటికొప్పాకలో సహజ రంగులు నేర్చుకున్నాను. ఉలి పట్టినవాళ్ల పక్కన కూర్చుని గంటలు గంటలు చూశాను. ఈ బొమ్మలు చేసే అంకుడు చెట్టు కర్రలో ఒక్కోచోట చిన్న ముడి ఉంటుంది. ఉలి దాన్ని తాకగానే చప్పుడు మారుతుంది. మనిషి ఆ చప్పుడు విని అక్కడ చెయ్యి తేలిక చేస్తాడు, లేకపోతే అంచు పెచ్చు లేచిపోతుంది. ముడి మరీ పెద్దదైతే ఆకారమే మార్చేస్తాడు. రాజు కావలసింది రైతు అవుతాడు, తలపాగా కాస్త కిందికి వస్తుంది. ఒకే వరుసలో కూర్చోబెట్టిన పది బొమ్మల్లో ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండకపోవడానికి కారణం ఇదే. ఆ నిర్ణయం తీసుకునే మనిషిని పక్కన పెట్టేసి, చివర్లో రంగు పూయడానికి పిలవడం నాకు నచ్చలేదు.

కాబట్టి నా జవాబు: అమ్ముకోండి, కానీ ఆ పేరుతో వద్దు.

బొమ్మలకొలువు:
నేను కొనేదాన్ని, చేసేదాన్ని కాదు. అయినా చెప్పాలనిపించింది. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో లక్కపిడతల బుట్ట ఉండేది. పొయ్యి, తిరగలి, రోలు రోకలి, బుల్లి గిన్నెలు. వేసవి సెలవులంతా వాటితోనే. వాటి వాసన ఇప్పటికీ గుర్తుంది, ఎండకు వేడెక్కితే లక్క కొంచెం వాసన వేసేది. ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సంక్రాంతికి కొలువు పెడతాను. ఏటికొప్పాకవి ఒక మెట్టు, కొండపల్లివి ఒక మెట్టు.

మా పాప ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసులో నేను కొన్నవి ఇవే. ఆ పేరు చూసే కొన్నాను. లోపల ఏ కర్ర ఉందో, ఎవరు తీశారో నాకు తెలియదు, పేరే నాకు హామీ. ఆ పేరు కింద ఇంకేదో ఉందని తర్వాత తెలిస్తే ఆ ఒక్క భరిణె మీదే కాదు, కొలువులో ఉన్న అన్నింటి మీదా అనుమానం వస్తుంది.

గేర్‌బాక్స్:
మేడమ్, కొండపల్లివి కూడా ఇలాగే లేత్ మీద తీస్తారు కదా, అక్కడ ఈ గొడవ ఎందుకు లేదు?

జాఫ్రాగింజ:
లేదండీ. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కర్రతో చేస్తారు. ముక్కలుగా చెక్కి, అతికించి, పైన రంగులు వేస్తారు. అది లేత్ పని కాదు. ఏటికొప్పాకది పూర్తిగా తిరిగే కర్ర మీద జరిగే పని. అందుకే అక్కడ బొమ్మలన్నీ గుండ్రంగా ఉంటాయి. ఏటికొప్పాకకు దగ్గర చుట్టం కర్ణాటకలోని చన్నపట్న. అక్కడా ఇదే చెట్టు కర్ర, ఇదే లక్క.

వరాహ ఒడ్డు:
మాది ఏటికొప్పాకే. వరాహ నది పక్కన ఇల్లు. ఇరవై రెండేళ్లుగా లేత్ మీద ఉన్నాను. మా నాన్నకు మా అమ్మ తాడు లాగేది, నేను చూశాను. మోటారు వచ్చిన రోజు మా అమ్మ ఏడవలేదు, హాయిగా నిద్రపోయింది. కాబట్టి మెషీన్ అంటే మాకు పగ ఉందని అనుకోవద్దు.

సాగరతీరం గారికి నేను చెప్పాల్సింది వేరే ఉంది. పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు అసలు ఆ పని అవుతుందా అని చూడాలి.

మేము భరిణె ఎలా చేస్తామో చెప్తాను. అంకుడు కొమ్మ ముక్కను ఒక కొన గట్టిగా చక్‌లో, అంటే లేత్‌లో కర్రను పట్టి తిప్పే భాగంలో, దిగ్గొడతాం. రెండో కొన గాలిలో ఉంటుంది. అది తిరుగుతుండగా ముందు గుండ్రం చేస్తాం, తర్వాత మూత ఆకారం, మూత లోపల గుంట, తర్వాత అడుగు. గరుకు కాగితం పడతాం. కర్ర ఇంకా చక్‌లోనే ఉంటుంది. అప్పుడు లక్క కడ్డీని తిరిగే కర్రకు ఆనిస్తాం. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. కుంపటి అక్కర్లేదు, తిరగడంలోనే వేడి పుడుతుంది. తర్వాత మొగలి రేకు మడిచి అదిమి పడితే లక్క అంతటా సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. అంతా అయ్యాక, చిట్టచివర, ఉలి కొనతో చెక్కి బొమ్మను కర్ర నుంచి విడదీస్తాం.

అంటే లక్క పెట్టేటప్పుడు బొమ్మ ఇంకా కర్రకు అంటుకునే ఉండాలి. మీ వర్క్‌షాపు వాళ్లు కోసేసి పంపితే నేను దాన్ని దేనితో పట్టుకోవాలి? గట్టిగా బిగిస్తే నొక్కు పడుతుంది, వదులుగా పెడితే వణుకుతుంది. వణికే కర్ర మీద లక్క ఒకవైపు మందంగా, ఇంకోవైపు పలచగా పడుతుంది. పలచగా ఉన్నచోట ఆరు నెలలకు పెచ్చులూడుతుంది. అప్పుడు కొన్నవాళ్లు వర్క్‌షాపును తిట్టరు, ఏటికొప్పాకను తిడతారు.

ఇంకోటి. వాళ్లు వాడింది ఏ కర్ర? బరువుగా ఉందన్నారు కాబట్టి అడుగుతున్నాను. అంకుడు తేలిక, తెల్లగా ఉంటుంది, నార సన్నం.

గేర్‌బాక్స్:
పట్టుకోవడానికి చోటు లేదన్నది చిన్న సమస్య. వర్క్‌షాపు వాళ్లను ప్రతి ముక్క కింద ఒక అంగుళం కర్ర వదిలేయమనండి. దాన్ని మీరు చక్‌లో పెట్టుకుంటారు. లక్క పెట్టాక కోసేస్తారు. ఇందులో కష్టం ఏముంది?

వరాహ ఒడ్డు:
చెయ్యొచ్చు అన్నా. కానీ ఒక లేత్ మీద తీసిన ముక్కను ఇంకో లేత్ మీద పెడితే ముక్క నడిమధ్య లేత్ నడిమధ్యకు అచ్చంగా రాదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా తిరిగేటప్పుడు కంటికి కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే మళ్లీ ఉలి పట్టాలి. ఉలి పట్టాక ఇంకేం మిగిలింది మీ మెషీన్ పని? నా టైం ఆదా అయ్యేది గుండ్రం చేసే దాకే.

అంకుడుకొమ్మ:
నేను కూడా ఆ ఊరివాణ్నే. మా నాన్న, తాత ఇదే పని. నేను డిగ్రీ అయ్యాక అచ్యుతాపురంలో ఒక కంపెనీలో చేరాను. నెల తిరిగేసరికి జీతం పడుతుంది, పీఎఫ్ ఉంది. ఈ చర్చ అంతా చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

అందరూ ‘ఉలి పట్టే చెయ్యి’ గురించి అందంగా రాశారు. ఆ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్న కుడి భుజం పైకి లేవదు. లేత్ వల్ల కాదు, లేత్ ఎక్కే ముందు కొమ్మను కత్తితో చెక్కి, గొడ్డలితో నరికి గుండ్రం దాకా తెచ్చే పని వల్ల. రోజంతా చెక్క పొట్టు ముక్కులోకి వెళ్తుంది. దానికి వచ్చేది ముక్కకు ఇంత అని కూలి. ముక్కలు తగ్గితే కూలి తగ్గుతుంది. జ్వరం వస్తే కూలి లేదు.

కాపీ లేత్ ఊళ్లోనే ఉండి, మా చేతుల్లో ఉండి ఉంటే నేను అచ్యుతాపురం బస్సు ఎక్కేవాణ్ని కాదు. అందుకే నాకు ‘మెషీన్ వద్దు’ అనేవాళ్ల మీద కోపం. అదే సమయంలో మెషీన్‌ను పట్నంలో పెట్టుకుని మా ఊరి పేరు వాడుకునేవాళ్ల మీదా కోపమే. సాగరతీరం గారూ, ఏమీ అనుకోకండి.

సాగరతీరం:
అనుకోవడానికేముంది తమ్ముడూ, నిజమే చెప్పావు.

వరాహ ఒడ్డు అన్నా, కర్ర ఏదని అడిగాను. వాళ్ల దగ్గర ఉన్నది ఏదో అది వాడారు, అంకుడు కాదు. అంకుడు కొమ్మలు అంత మోతాదులో తమకు దొరకవన్నారు.

వరాహ ఒడ్డు:
మాకే దొరకడం కష్టంగా ఉంది, వాళ్లకెక్కడ దొరుకుతుంది. అంకుడు నరికినచోట మళ్లీ చిగురిస్తుంది. మొదలు వదిలి కొమ్మలు మాత్రమే కోసుకుంటే ఆ చెట్టే మళ్లీ కర్ర ఇస్తుంది. కానీ దానికి ఏళ్లు పట్టాలి. లేతగా ఉన్నప్పుడే కోసేస్తే సన్నటి కొమ్మలే మిగులుతాయి. సన్న కొమ్మతో బొంగరం వస్తుంది గానీ భరిణె రాదు.

తమ్ముడు అంకుడుకొమ్మకు ఒక మాట. మీ నాన్న భుజం గురించి రాశావు. నాదీ అదే భుజం. గుండ్రం చేసే పనికి మెషీన్ వస్తే నేనే ముందు వరుసలో నిలబడతాను. ఉలి దగ్గర మాత్రం వద్దంటాను. అది మురిపెం కోసం కాదు. అక్కడ నా కూలి ఉంది. ఆకారం మెషీన్ తీస్తే రేపు నన్ను ఎవరైనా ఎందుకు పిలవాలి? లక్క పెట్టడం నేర్చుకోవడానికి ఆరు నెలలు చాలు. ఉలికి ఆరేళ్లు.

రాజమండ్రి లాయర్:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

‘ఏటికొప్పాక బొమ్మలు’ అన్న పేరుకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ ప్రాంతపు వస్తువుకే ఆ పేరు దక్కాలని చట్టం ఇచ్చే రక్షణ. దానికి ఆధారం 1999 నాటి చట్టం, అది 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఈ గుర్తింపు ఉన్న పేరును, ఆ వస్తువు తయారుచేసేవాళ్లలో అధీకృత వినియోగదారులుగా నమోదైనవాళ్లు మాత్రమే వాడుకోవాలి. సాగరతీరం గారూ, మీరు నమోదైనవాళ్ల దగ్గర కొని తిరిగి అమ్ముతున్నంత కాలం ఇబ్బంది లేదు. మీరే ముక్కలు చేయించి, మీరే ఆ పేరు వేస్తే సంగతి వేరు.

ఇప్పుడు గేర్‌బాక్స్ గారికి అనుకూలమైన మాట కూడా చెప్పాలి, దాచకూడదు. తయారీ వస్తువుల విషయంలో చట్టంలోని నిర్వచనం ఏమంటుందంటే, ఉత్పత్తి, ప్రాసెసింగ్, తయారీ ఈ మూడింటిలో ఏదో ఒకటి ఆ ప్రాంతంలో జరిగినా చాలు. అంటే లక్క ఏటికొప్పాకలో పెడితే, ‘ఒక పని ఆ ఊళ్లోనే జరిగింది’ అని వాదించడానికి చోటుంది. కానీ నమోదు చేసేటప్పుడు ఆ వస్తువు ఏ ముడిసరుకుతో, ఏ పద్ధతిలో చేస్తారో కూడా రాసి ఇస్తారు. కర్ర మారింది, తీసే పద్ధతి మారింది. ఆ రెండూ మార్చేసి నిర్వచనం ఒక్కటే పట్టుకుని వాదిస్తే నేనైతే మీ తరఫున నిలబడను.

ఇంకొకటి, పిల్లల బొమ్మలు అమ్మేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలు చేసే అధీకృత వినియోగదారులకు మినహాయింపు ఇచ్చారు. ఏటికొప్పాక వాళ్లు లక్కపిడతలు మార్కు లేకుండా అమ్మగలుగుతున్నది ఈ మినహాయింపు వల్లే. ఆకారం ఎక్కడో వర్క్‌షాపులో తీయించి ఆ మినహాయింపు కింద అమ్మితే, రేపు తనిఖీ వస్తే జవాబు చెప్పుకోవాల్సింది ఊళ్లో వాళ్లే.

గేర్‌బాక్స్:
కుంకుమ భరిణె ఆటబొమ్మ కాదు కదా?

రాజమండ్రి లాయర్:
కాదు. ఆ ఉత్తర్వు 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి చేసిన వాటికే. భరిణె దాని కిందికి రాదు. ఈ ఆర్డరుకు ఆ భయం లేదు. కానీ ఈ రోజు భరిణెకు అలవాటు పడితే రేపు లక్కపిడతలకూ అదే దారి పడుతుంది, అందుకే చెప్పాను.

జాఫ్రాగింజ:
రంగు గురించి కూడా ఒక మాట. ఇందాక ‘లక్క ఊళ్లోనే పెడుతున్నారు కదా, అందం అదే’ అన్నారు. ఏ లక్క?

ఏటికొప్పాకకు ఈ పేరు రావడానికి సగం కారణం సహజ రంగులు. పసుపుకొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, మంజిష్ట నుంచి ఎరుపు, నీలిమందు నుంచి నీలం. పసుపు, నీలి కలిపితే ఆకుపచ్చ. ఆ రంగును నిప్పుల మీద మెత్తబడ్డ లక్కలో కలిపి, సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి కడ్డీ చేస్తారు. చూసేవాళ్లకు పీచు మిఠాయి సాగదీస్తున్నట్టే ఉంటుంది. మధ్యలో ఒక కాలంలో బజారు రసాయన రంగులు వచ్చి ఇదంతా మూలకు పడింది. చింతలపాటి వెంకటపతి రాజు గారు దశాబ్దాల పాటు ఆ మొక్కల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది అందుకే. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద కనిపించినవీ ఈ బొమ్మలే, దానికి మూడో బహుమతి వచ్చింది.

సహజ రంగుకు లోపం లేదని నేను అనను. పసుపు ఎండకు వెలిసిపోతుంది. కిటికీ దగ్గర పెడితే ఏడాదికే పాలిపోతుంది. లక్కకే సొంతంగా తేనె రంగు ఉంటుంది కాబట్టి నీలం అచ్చమైన నీలంగా రాదు, కొంచెం ఆకుపచ్చ వైపు లాగుతుంది. ఆర్డర్ ఇచ్చే సంస్థలు తమ లోగో రంగు అచ్చు గుద్దినట్టు రావాలంటాయి. మూడు వేల ముక్కలు, గడువు తక్కువ, అన్నీ ఒకే రంగు అంటే, చివరికి ఎవరో ఒకరు బజారు పొడి కలుపుతారు. కొన్ని చవక పసుపు రంగుల్లో సీసం ఉంటుంది. బొమ్మలకొలువు గారి పాప నోట్లో పెట్టుకున్నది గుర్తుంచుకోండి. లక్క మాత్రలకూ పూస్తారు, మిఠాయిలకూ పూస్తారు, దానితో భయం లేదు. భయమంతా దానిలో కలిపే రంగుతోనే.

నేను కాపీ లేత్‌ను వద్దనడానికి ఇదీ ఒక కారణం. మెషీన్ వేగానికి తగ్గట్టు మిగతా పని కూడా పరుగెత్తాల్సి వస్తుంది. కర్ర ఆరే దాకా ఆగరు, రంగు ఉడికే దాకా ఆగరు.

బొమ్మలకొలువు:
ధన్యవాదాలండీ. సీసం సంగతి నాకు తెలియదు. ఇక మీదట అడిగే కొంటాను.

గేర్‌బాక్స్:
జాఫ్రాగింజ గారూ, గడువు తప్పు గడువు పెట్టినవాడిది. మెషీన్‌ది కాదు. మెషీన్‌ను నెమ్మదిగా కూడా నడపవచ్చు. కానీ ఆరని కర్ర గురించి మీరన్నది నేను ఒప్పుకుంటాను, అది నా రంగంలోనూ చూసిందే. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. వలయాల వెంబడి కుంచించుకుపోయేది, మధ్య నుంచి బయటికి కుంచించుకుపోయే దానికి దాదాపు రెట్టింపు. పచ్చి కర్రను అచ్చంగా గుండ్రంగా తీసినా ఆరాక కోడిగుడ్డులా అవుతుంది. మూత పట్టదు.

వరాహ ఒడ్డు:
అదీ మాట. మేము కొమ్మలను నీడన రెండు మూడు నెలలు ఆరబెడతాం. నాన్న అయితే కొమ్మను చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి చూసేవాడు. పచ్చిదైతే మొద్దుగా పలుకుతుంది, ఆరినదైతే ఖణ్‌మంటుంది. మూత, అడుగు ఒకే కొమ్మ ముక్క నుంచి తీయడం కూడా అందుకే. రెండూ ఒకేలా ఆరతాయి, రెండూ ఒకేలా కదులుతాయి. కాపీ లేత్ వాళ్లు వెయ్యి మూతలు ఒకచోట, వెయ్యి అడుగులు ఒకచోట తీసి కలుపుతారు. ఈ మూత ఆ అడుగుకు చుట్టమే కాదు.

సాగరతీరం:
పన్నెండు రోజులైంది. జరిగింది చెప్తాను.

మీ మాటలు విన్నాక మూడు వేలు చేయించకుండా ఇరవై ముక్కలే తీయించాను. గేర్‌బాక్స్ గారు చెప్పినట్టు కింద అంగుళం కర్ర వదిలించాను. వాటిని పట్టుకుని ఏటికొప్పాక వెళ్లాను. నాకు ఎప్పుడూ పనిచేసే పెద్దాయన వాటిని ఒక్కొక్కటే లేత్‌కెక్కించారు. నాలుగైదు బాగానే తిరిగాయి. మిగతావి వణికాయి. ఆయన ఏమీ అనకుండా మొగలి రేకు పక్కన పెట్టి ఉలి తీసుకున్నారు. నేను పక్కన నిలబడి గడియారం చూశాను. సరిచేసి, మెరుగుపెట్టి, లక్క పెట్టేసరికి కొత్త ముక్క తీయడానికి పట్టే సమయంలో మూడొంతుల పైనే అయింది.

ఇంటికి తెచ్చి వారం ఉంచాను. ఇరవైలో పదకొండు మూతలు వదులైపోయాయి. రెండు మాత్రం అసలు ఊడి రాలేదు, బిగుసుకుపోయాయి.

సంస్థ వాళ్లతో మాట్లాడాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు భరిణెలూ ముందు పెట్టి మూత వేసి చూడమన్నాను. వాళ్ల హెచ్ఆర్ మేడమ్ ఆ ‘టప్’ చప్పుడు నాలుగైదు సార్లు చేసి చూసుకున్నారు. పదమూడు వందల భరిణెలకు ఒప్పుకున్నారు, మిగతా వాళ్లకు బొంగరాలు. బొంగరానికి మూత లేదు, సన్న కొమ్మ చాలు, త్వరగా అవుతుంది. లోగో రంగు పట్టుబట్టలేదు. నాకు లాభం తగ్గింది. కుటుంబాలకు ముక్క కూలి కొంచెం పెంచాను, అందువల్ల ఇంకా తగ్గింది.

ఆ ఇరవై భరిణెలు నా దగ్గరే ఉన్నాయి. ఏ పేరూ వేయలేదు.

గేర్‌బాక్స్:
ఇరవై ముక్కలు చూసి మెషీన్ పనికిరాదనడం సరికాదు. వేరే కర్ర, సరిగా ఆరని కర్ర, వేరే చోట తీసినవి. అంకుడు కర్రతో, ఊళ్లోనే, అదే చక్ కొలతతో తీస్తే ఫలితం వేరుగా ఉంటుంది. నా అభిప్రాయం నేను మార్చుకోలేదు.

అయితే వరాహ ఒడ్డు గారు, అంకుడుకొమ్మ ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారు, గుండ్రం చేసే పని దగ్గర. కొమ్మ ముక్కను ఒక వైపు తోస్తే రెండో వైపు గుండ్రటి కడ్డీగా వచ్చే మెషీన్లు ఉన్నాయి. చీపురు కర్రలు తీసేది వాటితోనే. పెద్ద ఖర్చు కాదు. ఆకారం జోలికి వెళ్లదు. దాని గురించి నేను చూస్తాను.

అంకుడుకొమ్మ:
అది ఎవరి పేరు మీద ఉంటుందన్నదే ముఖ్యం సార్. ఒక్కరి ఇంట్లో పెడితే ముక్కకు ఇంతని వాళ్లే వసూలు చేస్తారు, మిగతా వాళ్లు మళ్లీ గొడ్డలికే వెళ్తారు. అందరిదీ అయి ఉండాలి. కరెంటు బిల్లు ఎవరు కడతారు, బ్లేడు అరిగితే ఎవరు మారుస్తారు, అది కూడా ముందే రాసుకోవాలి. ఆదివారాలు నాకు సెలవు. నేను వచ్చి ఇంటింటికీ తిరిగి అడుగుతాను.

పేరు విషయంలో మాత్రం జాఫ్రాగింజ గారితో పూర్తిగా ఏకీభవించను. రేపు మా ఊరి కుర్రాడు మా ఊళ్లోనే, అంకుడు కర్ర మీదే కాపీ లేత్ పెట్టి తీస్తే, దానికి ఏటికొప్పాక పేరు వద్దని చెప్పే హక్కు బయటివాళ్లకు ఉందనుకోను. అది ఊరు కూర్చుని తేల్చుకోవాలి.

జాఫ్రాగింజ:
ఊరు తేల్చుకోవాలన్నది ఒప్పుకుంటాను బాబూ. తేల్చుకున్నాక అట్టపెట్టె మీద ‘ఆకారం మెషీన్‌పై, లక్క చేత్తో’ అని రాయమని మాత్రం అడుగుతాను. కొనేవాళ్లకు తెలియాలి.

వరాహ ఒడ్డు:
తమ్ముడూ, ఆదివారం రా. ఇంట్లోనే ఉంటాను. గేర్‌బాక్స్ అన్నా, ఆ మెషీన్ కొనే ముందు మా కొమ్మలు చూడాలి మీరు. చీపురు కర్ర తిన్నగా ఉంటుంది, అంకుడు కొమ్మ వంకర. రెండంగుళాల మందం నుంచి నాలుగు దాకా ఉంటుంది, ఒకే ముక్కలో మొదలు లావు, కొన సన్నం. అది పడుతుందో లేదో కనుక్కోండి. ఓ పది ముక్కలు మూటకట్టి సాగరతీరం గారి చేత పంపిస్తాను, ఆరినవి ఐదు, పచ్చివి ఐదు.